కడబంతి దాకా పెట్రోలు

మా మామయ్య మెడలో ఎప్పుడూ ఒక రబ్బరు గొట్టం వేలాడుతూ ఉండేది. దాని ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొనను ఇంజను మీద అక్కడా ఇక్కడా ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. అందుకని లాంచీ ఎక్కేవాళ్ళందరూ ఆయన్ని డాక్టరు అనేవారు. ఆయన భార్య, అంటే మా అత్తయ్య, అదే లాంచీకి చుక్కాని పట్టేది. ఆవిడ అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయి "జరగండమ్మ" అని పిలిచేవారు. లాంచీ ఎక్కిందంటే ఆవిడ నోట ఆ మాట తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. "జరగండమ్మా, కాస్త ముందుకి జరగండి. ఇదిగో, గొడుగాయనా, మీకే చెప్పేది." తాళ్ళు కట్టడం, విప్పడం, టిక్కెట్లు చింపడం నా పని. ఒకరు వినడం తప్ప మాట్లాడరు, ఇంకొకరు జనాన్ని అదిలించడం తప్ప మాట్లాడరు. ఆ ఇద్దరి మధ్య నేను ఎలా నెగ్గుకొచ్చానో నాకే తెలియాలి.

నది మీద పొద్దుటిపూట మంచు దిగితే అవతలి ఒడ్డు ఉండదు. తాడు విప్పిన కాసేపటికి ఇవతలి ఒడ్డు కూడా మాయమవుతుంది. ఇక మిగిలేది మేమూ, మా ఇంజను చప్పుడూ. లాంచీ కదులుతోందో, నీళ్ళే మమ్మల్ని దాటుకుని పోతున్నాయో తెలిసేది కాదు. ఎక్కినవాళ్ళలో సగం మంది కునుకు తీసేవారు. బట్టల మిల్లు ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తలలు వాల్చుకునేవారు. బడి పంతులుగారు కళ్ళజోడు చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోయేవారు. ఆ మంచులో, ఆ నిద్రల మధ్య నిలబడి ఉంటే నేను కూడా ఎవరి కలలోనో ఉన్నానేమో అనిపించేది. ఇంజను ఒక్కసారి దగ్గితే చాలు, అందరూ ఉలిక్కిపడి కళ్ళు తెరుస్తారు. కానీ అది దగ్గేది కాదు. మా మామయ్య గొప్పంతా అదేనని ఊరంతా అనుకునేది, నాతో సహా.

ఇంజను పాతది, పెట్రోలుతో నడిచేది. ఆరు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడి ఉండేవి. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటరు మాత్రం ఒక్కటే, సరిగ్గా మధ్యలో ఉండేది. అక్కణ్ణించి ఆరింటికీ ఆ మిశ్రమాన్ని చేరవేసే పొడవాటి ఇనప గొట్టాన్ని మ్యానిఫోల్డ్ అంటారు. మామయ్య కష్టాలన్నీ ఆ గొట్టంలోనే ఉన్నాయి. గాలి తేలిక కాబట్టి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. పెట్రోలు తుంపరలకు ఒళ్ళు బరువు. మలుపు దగ్గర తిరగలేక గోడకు కొట్టుకుని, కారి, గొట్టం అడుగున సన్నటి పాయలా పారతాయి. అలా పారింది ఏ సిలిండరు వైపు పోతే దానికి పెట్రోలు మరీ ఎక్కువవుతుంది. మిగిలినదానికి ఉత్త గాలి దక్కుతుంది. ఎక్కువ తిన్నది మసి కక్కుతుంది, పస్తున్నది వేడెక్కి దగ్గుతుంది.

"విందులో వడ్డన లాంటిదే తల్లీ," అనేవాడు మామయ్య, చేతులు తుడుచుకుంటూ. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు చూడు. ఈ కార్బొరేటరు ఎవడివాడూ కాదు. దగ్గర కూర్చున్నవాళ్ళకి దోసిళ్ళతో పెట్టేసి, చివరివాళ్ళ దగ్గరికొచ్చేసరికి గిన్నె బోర్లిస్తుంది. దీన్ని మనవాణ్ణి చేసుకోవాలి. నా ఉద్యోగం అంతే."

వారానికోసారి, సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులన్నీ విప్పి తెల్ల గుడ్డ మీద వరసగా పేర్చేవాడు. కొస తెల్లగా ఉంటే ఆకలి, నల్లగా ఉంటే అజీర్తి, కాఫీపొడి రంగులో ఉంటే ఆరోగ్యం. ఇంజను నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూసేవాడు. పీకగానే చప్పుడు కుంటుపడితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. పీకినా ఏ తేడా రాకపోతే అది పనిదొంగ. మ్యానిఫోల్డ్ లోపల పారే పెట్రోలును దారి మళ్ళించడానికి సన్నటి ఇత్తడి ముక్కలతో గట్లు కట్టాడు, రైతు మడికి నీళ్ళు మళ్ళించినట్టు. ఆ గట్లు ఆయన కుర్రతనంలో కట్టినవి. అంతకు ముందు లారీల షెడ్డులో ఉండేవాడు. లాంచీ ఓనరు గారు ఈ ఇంజనును తుక్కు కింద అమ్మేయబోతుంటే, మామయ్య అడ్డుపడి, షెడ్డులో చెక్క స్టాండు మీద ఎక్కించి, ఆరు సిలిండర్లూ సమంగా పలికేదాకా దానితోనే కాపురం చేశాడు. నిజానికి అప్పుడే అత్తయ్యతో కొత్త కాపురం కూడా.

"నడి ఏట్లో ఇది ఒక్కసారి మొరాయించినా డీజిలు ఇంజను పెట్టిస్తా," అన్నారట ఓనరు గారు అప్పుడు. "దానికి నీ చెవులతో పని లేదు."

ఆ మాట మామయ్య ఎప్పటికీ మర్చిపోలేదు. ఇంజను పోతే ఆయన చెవి ఎవరికీ అక్కర్లేదు. ఇంకో పని చేసుకుని బతకలేడని కాదు, కానీ అలా బతకడం ఆయనకు బతుకులా ఉండదు.

అత్తయ్యతో ఆయన మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఆయన కింద ఇంజను గదిలో, ఆవిడ పైన చుక్కాని దగ్గర. వేగం తగ్గించాలంటే ఆవిడ, ఆయన నెత్తి మీదున్న చెక్కను కాలితో ఒక తొక్కు తొక్కేది, ఆపాలంటే రెండు. "మీ అత్తయ్య మొగుణ్ణి రోజూ కాళ్ళతో తొక్కుతుందే," అని మిల్లు ఆడవాళ్ళు నన్ను ఏడిపించేవారు. ఇంట్లో కూడా ఇద్దరూ చెరో కిటికీ దగ్గర కూర్చుని నది వైపు చూస్తూ ఉండేవారు. మాటల్లేని ఆ ఇంట్లో కాసేపు కూర్చుంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. అది కోపం వల్ల వచ్చిన మౌనమో, చనువు వల్ల వచ్చిందో నాకు అంతుపట్టేది కాదు.

ఇలా ఉండగా ఒక వాన రోజు అత్తయ్య రేవు మెట్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అతుక్కుంది గానీ, నిలబడి చుక్కాని పట్టడం ఇక కుదరదని డాక్టర్లు తేల్చేశారు. చుక్కాని నా చేతికొచ్చింది. ఎక్కడ ఇసక మేట ఉందో, ఎక్కడ ప్రవాహం పక్కకు లాగుతుందో ఆవిడ నాకు ఎప్పుడో నేర్పింది. దారి గురించి నాకు బెంగ లేదు. పైగా జనాన్ని "జరగండి, జరగండి" అని కసురుకునే ఆ గయ్యాళితనం నాకెందుకు, హాయిగా ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోనిద్దాం అనుకున్నాను. ఎండలు ముదురుతున్నాయి. లాంచీ వెనక భాగంలో రేకు నీడ ఉంటుంది. జనమంతా అక్కడ చేరారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఇంజను దగ్గడం మొదలుపెట్టింది.

మొదట నడి ఏట్లో ఒక చిన్న దగ్గు. బడి పంతులుగారు కళ్ళు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, నది ఉందో లేదో చూసుకున్నారు. తరవాత రోజు ఇంకో రెండు. ఆ పైన గొలుసుకట్టు. మామయ్య ప్లగ్గులు విప్పితే ముందున్న సిలిండర్లవి తెల్లగా, వెనకవి నల్లగా ఉన్నాయి. కార్బొరేటరు సర్దాడు, గట్లు సరిచూశాడు, మ్యానిఫోల్డ్ షెడ్డుకు మోసుకెళ్ళి మళ్ళీ తెచ్చాడు. రేవులో కట్టేసి, జనం బరువు లేకుండా తిప్పితే బాగానే పలికేది. పొద్దుటి మంచులో, జనం ఇంజను వెచ్చదనానికి దగ్గరగా మధ్యలో గుమిగూడినప్పుడు ఫరవాలేదు. ఎండ ఎక్కాక మళ్ళీ అదే దగ్గు. ఇవాళ సరిచేసింది రేపటికి తప్పు. నీటిలో బొమ్మను పట్టుకోబోతే చెదిరిపోయినట్టు, ఆయన చెవికి దొరికినట్టే దొరికి జారిపోయేది.

"డాక్టరుకి చెవుడొచ్చింది," అన్నారు జనం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, నిన్నటిదాకా ఆయన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళే. ఒళ్ళు మండిపోయింది నాకు. ఓనరు గారు ఒకసారి వచ్చి, లాంచీ చుట్టూ తిరిగి, "పెద్దాడివయ్యావు, నీ తప్పేం లేదు. వచ్చే నెలలో డీజిలు ఇంజను వస్తుంది," అని మెత్తగా చెప్పి వెళ్ళారు. ఆ మెత్తదనమే మామయ్యను చంపింది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఆయన మెడలోంచి గొట్టం తీసి ఇంజను గదిలో మేకుకు తగిలించాడు.

"నా చెవే పోయింది తల్లీ," అన్నాడు. "ఆరూ ఒకేలా వినపడుతున్నాయి. ఏది తప్పో తెలీట్లేదు. లోపల ఎవరో తలుపు వేసేసినట్టుంది."

 చుట్టిన తాడునే విప్పి మళ్ళీ చుట్టాను.

తిన్నగా అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కిటికీ పక్క మంచం మీద, దిండ్లకు ఆనుకుని, నది వైపే చూస్తోంది. మామయ్య తన చెవి గురించి అన్న మాట చెప్పగానే ఆవిడ అడిగింది. "మధ్యాహ్నం ట్రిప్పులో జనమంతా వెనక కూర్చున్నారా?"

"మీకెలా తెలుసు?"

"దగ్గు ఇక్కడిదాకా వినపడింది."

"దానికీ దీనికీ ఏంటత్తయ్యా సంబంధం?"

 నది మీది వెలుగు ఇంటి కప్పు మీద కదులుతోంది. దాన్నే చూస్తూ, నిద్రలో మాట్లాడుతున్నదానిలా చెప్పుకొచ్చింది.

"ఈ ఇంజను లాంచీలో బిగించిన మొట్టమొదటి రోజు కూడా దగ్గిందే. ఓనరు గారు ఒడ్డున నిలబడి చూస్తున్నారు. మీ మామయ్య కింద ఉన్నాడు, ఆ గోలలో ఆయనకింకా తెలీలేదు. నాకు పాదాల్లో తెలిసింది. అప్పుడే ఎవరో బుట్టలవాళ్ళు వెనకనించి లేచి ముందుకొచ్చారు, దగ్గు ఆగింది. ఎందుకో నాకేం తెలుసు? మిగిలినవాళ్ళని కూడా జరగమన్నా. పూర్తిగా సర్దుకుంది. అవతలి ఒడ్డు చేరాక మీ మామయ్య పైకొచ్చాడు. ఒళ్ళంతా నూనె. ఆ మొహం నువ్వు చూసుండాల్సింది. 'విన్నావా, ఆరూ సమంగా పలుకుతున్నాయి,' అన్నాడు. ఆ మొహం చూశాక ఎలా చెప్పమంటావే?"

"అప్పట్నించీ...?"

"అప్పట్నించీ జరుపుతూనే ఉన్నా."

 మేమంతా నవ్వుకున్న ఆ గయ్యాళి అరుపులన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. "అయితే రేపట్నించి నేను జరుపుతా," అన్నాను ఆత్రంగా. "మామయ్యకి మనం చెప్పొద్దు. ఇంజను దగ్గదు, ఆయన మళ్ళీ మామూలైపోతాడు."

"నేనూ అదే అనుకున్నా పొద్దున్నించీ," అంది అత్తయ్య. "కానీ ఆయన తన చెవి పోయిందనుకుంటున్నాడే. లేని జబ్బు మోస్తున్నాడు. నువ్వు జరిపి ఇంజను బాగుపడినా, తనకెందుకు వినపళ్ళేదో ఆయనకి అర్థం కాదు. ఇక తన చెవిని తను ఎప్పటికీ నమ్మడు. పరువు పోతే మళ్ళీ తెచ్చుకుంటాడు. చెవి లేకపోతే ఆయనేం చేస్తాడు?"

మర్నాడు మిల్లు ఆడవాళ్ళు అత్తయ్యను కుర్చీతో సహా ఎత్తి లాంచీ ఎక్కించారు. పెళ్ళికూతురిలా ఉన్నావని ఒకళ్ళు, పెళ్ళికూతురు ఇంత బరువుండదని ఇంకొకళ్ళు. ఆవిడ నవ్వలేదు. నడి ఏట్లోకి వచ్చాక మామయ్యను పైకి పిలవమంది. ఆయన వచ్చి, ఆవిడ ఎందుకొచ్చిందో తెలియక, పక్కన నిలబడ్డాడు. ఇంజను గది పైమూత మీద ఆయన తాగుతూ వదిలేసిన టీ గ్లాసు ఉంది.

"అందరూ వెనక్కి వెళ్ళండమ్మా," అంది అత్తయ్య.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ వెనక్కి వెళ్ళమనడం అదే మొదటిసారి. వెళ్ళారు. ఇంజను దగ్గింది, మళ్ళీ దగ్గింది.

"ఇప్పుడు ముందుకి జరగండి."

జరిగారు. లాంచీ ముందు భాగం మెల్లగా నీళ్ళలోకి ఒంగింది. దగ్గు ఆగిపోయింది. నది మీద ఒక్కసారిగా నిశ్శబ్దం పరిచినట్టయింది, ఇంజను నడుస్తూనే ఉన్నా.

మామయ్య ఆవిడ వైపు చూడలేదు. టీ గ్లాసు వైపు చూస్తున్నాడు. జనం వెనక ఉన్నప్పుడు టీ వెనక అంచువైపు ఎక్కి ఉంది. ఇప్పుడు సమంగా నిలిచింది. లారీ ఇంజను చదునుగా కూర్చుంటుంది. లాంచీ ఇంజను అలా కాదు, దాని ఇరుసు నీళ్ళలోని పంకా దాకా దిగాలి కాబట్టి వెనక్కి వాలి ఉంటుంది. షెడ్డులో చదునైన స్టాండు మీద కట్టిన గట్లు ఆ వాలుకు సరిపోవు. గొట్టం అడుగున పారే పెట్రోలంతా వెనక సిలిండర్లలోకి జారిపోయి, ముందువి పస్తుంటాయి. జనం ముందు కూర్చుంటే వాలు తగ్గి అన్నిటికీ అందుతుంది. ఇంజను బాగా నడుస్తున్నన్నాళ్ళూ ఆయన ఆ వాలు సంగతే ఆలోచించలేదు. బాగా నడిచేదానికి కారణం ఎవరు వెతుకుతారు?

"నీరు పల్లమెరుగు," అన్నాడు తనలో తను. తరవాత ఆవిడతో, "అయితే ఇన్నాళ్ళూ నా ఇంజనుని నువ్వు నడిపావన్నమాట."

"నడిపింది మీరే. నేను జనాన్ని జరిపానంతే."

"ఒక్క మాట చెప్పుంటే?"

"చెప్పాలనే అనుకునేదాన్ని, రోజూ. మీరు పైకొచ్చేవారు, మీ మొహం చూసేదాన్ని, రేపు చెబుదాంలే అనుకునేదాన్ని. మీ చెవికేం కాలేదు. అది మీకు తెలియాలనే ఇవాళ చెప్పా."

ఆయన కిందికి దిగిపోయాడు. ఆ తరవాత చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మామూలుగానే మాట్లాడని మనిషి కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు, ఆవిడకు తప్ప. "తప్పు చేశానేమోనే," అంది నాతో. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి. నాకు మామయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. కడిగేద్దామనే లాంచీకి వెళ్ళాను.

వెళ్ళేసరికి ఆయన మ్యానిఫోల్డ్ విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి షెడ్డులో కాదు, రేవులో కట్టిన లాంచీలోనే, ఆ వాలులోనే. గొట్టం మేకు మీదనించి ఎప్పుడో ఆయన మెడలోకి వచ్చేసింది. నేను పక్కనే కూర్చున్నాను. పాత ఇత్తడి గట్లు పీకేసి, పెట్రోలు వెనక్కి జారకుండా అడ్డంగా కొత్తవి కట్టాడు. కార్బొరేటరు కింద ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా అరగదీసిన ఇనప పలక పెట్టి దాన్ని చదునుగా నిలబెట్టాడు. చివరికి ఇంజనులో తిరిగి వేడెక్కిన నీళ్ళను ఒక రాగి గొట్టంలో తెచ్చి మ్యానిఫోల్డ్ అడుగు చుట్టూ తిప్పాడు.

"ఇదెందుకు మామయ్యా?"

"అడుగు వేడిగా ఉంటే పెట్రోలు పారదు, ఆవిరైపోతుంది. నీటికే పల్లం, మిట్టా. ఆవిరికేం ఉంది? గాలితో పాటు కడబంతిదాకా అదే పోతుంది." గట్టు మీద వేలితో రాస్తూ అన్నాడు. "పాపం, మీ అత్తయ్య నుంచునే ఉందే. ఇన్నేళ్ళూ ఒక్క ట్రిప్పులో కూర్చోలేదు."

డీజిలు ఇంజను గురించి ఆఖరి మాట చెప్పడానికి ఓనరు గారు మధ్యాహ్నం ట్రిప్పుకు వచ్చారు. భారీ మనిషి, తిన్నగా పోయి వెనక నీడలో కూర్చున్నారు. ఆయన చుట్టూ మిగిలిన జనం. లాంచీ వెనక భాగం బాగా దిగింది. నేను చుక్కాని పట్టుకుని చప్పుడు వింటూ నిలబడ్డాను. ఇసక మేట దాటింది. నడి ఏరు దాటింది. ఇంజను ఒకే గొంతుతో, చివరి మాట మరిచిపోయిన జోలపాటలా సాగుతూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే పంతులుగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు, ఆయన పక్కన ఓనరు గారు కూడా. అవతలి రేవులో నేను తట్టి లేపాల్సి వచ్చింది. ఆయన బద్ధకంగా ఒళ్ళు విరుచుకుని, "డీజిలు చప్పుడుకి నిద్ర పట్టదేమో," అని దిగిపోయారు. అంతటితో ఆ మాట ముగిసింది.

సాయంత్రం ఇవతలి రేవుకు తిరిగొచ్చాక మామయ్య ఇంటికెళ్ళి అత్తయ్యను చేయి పట్టుకుని నెమ్మదిగా నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. లాంచీలో ఇంకెవరూ ఎక్కలేదు, ఎక్కనివ్వలేదు నేను.

"ఎక్కడ కూర్చోమంటారు?" అందావిడ, భయం భయంగా.

"నీకెక్కడ కూర్చోవాలనుంటే అక్కడ."

ఆవిడ చాలాసేపు ఆలోచించి, అన్నిటికంటే వెనకున్న బల్ల మీద కూర్చుంది. నేను తాడు విప్పాను. ఎండ పలచబడింది. ఒడ్డు ఎప్పటిలాగే వెనక్కి జారిపోతోంది, కానీ ఆవిడ ఆ జారడాన్ని ఎప్పుడూ చూసినది కాదు. ఎప్పుడూ ముందుకే చూసిన మనిషి. లాంచీ వెనక నురగతో గీసినట్టున్న దారి విప్పుకుంటూ, వెడల్పవుతూ, నీళ్ళలో కలిసిపోతుంటే పిల్లలా కళ్ళార్పకుండా చూసింది.

మామయ్య ఇంజను గదిలోంచి పైకొచ్చాడు. నడి ఏట్లో ఎవరూ పిలవకుండా ఆయన ఇంజనును వదిలి రావడం నేనెన్నడూ చూడలేదు. వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. అత్తయ్య కంగారుగా ఆయన వైపు తిరిగింది.

"ఏవండీ, ముందువి రెండూ సరిగ్గా పలుకుతున్నాయా?"

"ఏమో," అన్నాడు మామయ్య, నీళ్ళ వైపు చూస్తూ. "నేను వినట్లేదు."